నాలుగో లెవెల్ గాలి

నమోదు 17

ల్యాబ్ చిట్టాలో ప్రయోగం వివరాలు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. శుక్రవారం శుక్రవారం మా విభాగాధిపతి విద్యాసాగర్ సార్ అందరి చిట్టాల మీదా సంతకం పెడతారు, ఒక్కటీ తెరిచి చూడరు. అందుకే నేను నాకు తోచింది రాస్తున్నాను.

పొద్దున నీళ్ల వంతు మాది. తాతల కాలంలో బొగ్గు తవ్విన బాయిలోనే ఇప్పుడు మా ఇళ్లూ, కాలేజీ. పైన ఎండ మనిషిని నిలవనివ్వదు. మేముండే నాలుగో లెవెల్ మొత్తానికి పంపు ఒక్కటే. మా డ్రమ్ము నిండేసరికి మొదటి క్లాసు సగం అయిపోయింది. భౌతిక రసాయనం చెప్పే మేడం నన్ను గుమ్మంలోనే ఆపి, "నీళ్లు మోసుకునేవాళ్లకి సీటెందుకమ్మా, పంపు దగ్గరే ఉండొచ్చుగా" అన్నారు. క్లాసంతా నవ్వింది. రెండో లెవెల్ వాళ్లకి ఇంట్లోనే కుళాయి ఉంటుంది. వాళ్లే ఎక్కువ నవ్వారు.

అక్కడి నుంచి ల్యాబ్‌కి. నాకు అప్పగించిన ట్రేలన్నింటిలోనూ మెరుపు నాచే. వారానికోసారి కత్తెరతో పైన పెరిగిందంతా తీసేసి, పల్చగా చేసి, ఒక్కో ట్రేని గాజు పెట్టెలో పెట్టి గాలి కొలవాలి. కొలిచిన ప్రతిసారీ చెడుగాలి తగ్గుతుంది, ప్రాణవాయువు పెరుగుతుంది. ఇది మధుకరన్న పెంచిన నాచు. ఆయన మా ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థి, వచ్చే నెల థీసిస్ ఇవ్వబోతున్నాడు. నేను నాలుగో లెవెల్ నుంచి వచ్చానని తెలిసిన రోజు నుంచీ, నేను ముట్టుకున్న ప్రతి సామానునీ ఆయన ఇంకోసారి తుడుస్తాడు.

ఈ రోజు కూడా తుడిచాడు. నేను చూస్తుండగానే.

నమోదు 18

అక్క పద్మ కాన్పుకొచ్చి మా ఇంట్లోనే ఉంది. పాపకు ఇంకా పేరు పెట్టలేదు. అమ్మ రెండో లెవెల్ వంటశాలలో పనికి పోతుంది. నాన్న పైన సోలార్ పలకలు తుడిచే జట్టుతో వెళ్లారు, వానలు పడేదాకా రారు. కాబట్టి ఇంటికి రాగానే గుడ్డలు ఉతకడం, అక్కకు అన్నం వండటం నా పని. ఒక చేత్తో కలియబెడుతూ ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని చదివాను. అన్నం అడుగంటింది.

"గంత చదివి ఏం జేస్తవే, అన్నం వండుడు రాకపాయె" అంది అక్క.

"పాప ఏడవడం లేదేంటి?"

"నా బిడ్డ బంగారం. పాలు తాగుతది, పంటది. మన లెవెల్‌ల గీ నాచు వచ్చిన కాంచి అందరికీ నిద్ర మంచిగ వడుతుంది."

అది నిజమే. వానలు తగ్గాక మా లెవెల్ గోడలకు పాత నాచు తీసేసి మెరుపు నాచు అంటించారు. కాలేజీ చుట్టూ తిరిగి తిరిగి దాన్ని తెప్పించింది పోశం మామ. ఆయన మా లెవెల్ పెద్ద. నాచు గాలి చాలునని, పైనుంచి గాలి లాగే ఫ్యాన్ వేగం సగానికి తగ్గించారు. మిగిలిన కరెంటుతో వీధి దీపాలు పెట్టారు. గోడలు ఎంత పచ్చగా ఉంటాయంటే, వేరే లెవెళ్ల నుంచి జనం చూడటానికి వస్తారు. ఎవరూ వాటి మీద చెయ్యి వేయకూడదు. గీరిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి.

మొన్న పోశం మామ వాళ్లమ్మ చనిపోయింది. లెవెల్ కొసన ఉన్న ఇల్లు వాళ్లది. నిద్రలోనే పోయిందట, నోరు కూడా తెరవలేదట. పుణ్యాత్మురాలని అందరూ అన్నారు. నేను శవం దగ్గర కూర్చుని రేపటి అసైన్‌మెంట్ గురించి ఆలోచించాను. కాసేపటికి నాకు తలనొప్పి వచ్చింది, చదువు ఎక్కువైందనుకున్నాను.

నమోదు 21

ఇంటర్నల్ పరీక్షలు, రెండు అసైన్‌మెంట్లు, మళ్లీ నీళ్ల వంతు. అక్కకు జ్వరం. రెండు వారాలు ల్యాబ్‌కి సరిగ్గా పోలేదు. ఒక మూల ట్రేని కత్తిరించడం పూర్తిగా మరిచాను.

మధుకరన్న అది పట్టుకున్నాడు. ట్రేని నా ముందు బల్ల మీద పడేశాడు. నాచు దుప్పటిలా మందంగా, కళ్లు చెదిరేంత పచ్చగా ఉంది.

"ఇది పరిశోధననా, పెరటి తోటనా?"

"ఇంట్లో అక్కకు..."

"ఇంట్లో ఏమున్నా ఇంట్లనే పెట్టుకో. నీ సీటు కోసం బయట ఎంతమంది నిలబడ్డరో తెల్సా? పారెయ్ దీన్ని. డేటాల చూపియ్యకు."

ఆయన వెళ్లాక ట్రేని చెత్త డబ్బా దాకా తీసుకెళ్లాను. వంచి పారబోయబోతే నాచు చాపలాగా ఒక్క ముద్దగా లేచింది. కింద నల్లగా ఉంది. కుళ్లిన కూరగాయల వాసన. పైన అంత పచ్చగా, కింద అంత కుళ్లు.

మా ఇంటి గోడ మీదున్న నాచు దీనికంటే మందం.

పారేయలేదు.

నమోదు 22

ట్రేని గాజు పెట్టెలో పెట్టి, దీపం వేసి, గాలి మీటర్ అమర్చి క్లాసుకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పెట్టెలో చెడుగాలి మొదటికంటే ఎక్కువుంది. ప్రాణవాయువు తగ్గింది. మీటర్ పాడైందేమోనని కత్తిరించిన ట్రేని పెట్టి చూశాను. అది మామూలుగానే మంచి గాలి ఇచ్చింది. మళ్లీ మందం ట్రే పెట్టాను. మళ్లీ చెడుగాలి.

ఎందుకో అర్థమవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నాచు మందమైతే కిందికి వెలుతురు పోదు. కింది పొర చచ్చి కుళ్లుతుంది. పైపొర ఇచ్చే గాలి కంటే కుళ్లు తినే గాలి ఎక్కువవుతుంది. ల్యాబ్‌లో వారం వారం కత్తిరిస్తాం కాబట్టి ఎవరికీ కనపడలేదు. మా లెవెల్‌లో ఎవరూ కత్తిరించరు. ఫ్యాన్ కూడా సగమే తిరుగుతుంది. మా లెవెల్‌లో ఉన్న మీటర్ ఫ్యాన్ పక్కనే, ముఖద్వారం దగ్గర ఉంటుంది. అక్కడ గాలి ఎప్పుడూ బాగానే ఉంటుంది.

మధ్యాహ్నం రికార్డు పరీక్ష ఉంది. మీటర్ అంకెల గురించే ఆలోచిస్తూ బొమ్మలు గీశాను. "గీతలు వంకర" అని ఎర్ర సిరాతో కొట్టేశారు.

నమోదు 24

విద్యాసాగర్ సార్ దగ్గరికి వెళ్లడానికి ఒక రోజు పట్టింది, ఆయన గది ముందు నిలబడటానికి ఇంకో పూట. నేను చెప్పిందంతా విన్నారు. కోప్పడలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఒక్క ట్రే. అది కూడా నువ్వు పాడు చేసిన ట్రే. దీన్ని ఫలితమంటారా సువర్ణా?"

"గోడల మీద కొలుద్దాం సార్. మీటర్ ఒక్క పూట ఇవ్వండి, లెవెల్ కొసన పెట్టి చూస్తాను."

"మీటర్ ల్యాబ్ దాటకూడదు. ముందు కొత్త ట్రేలు పెంచు, మందంగా పెంచు, మూడుసార్లు కొలువు. అంతా కలిపి రెండు మూడు నెలల పని. అప్పుడు మాట్లాడదాం."

"అప్పటిదాకా అక్కడ మనుషులున్నారు సార్."

"నీ హాజరు చూశావా? భౌతిక రసాయనం మేడం నాకు రాసి పంపారు. పరీక్ష తప్పితే ల్యాబ్ సీటు పోతుంది, అది నా చేతుల్లో ఉండదు. ముందు పరీక్ష రాయి అమ్మా."

బయటికి వస్తే మధుకరన్న వరండాలో ఉన్నాడు. అంతా విన్నాడు.

"నా థీసిస్ మీద పడ్డవు. ఎవరు చెప్పిన్రు నీకు గిట్ల చెయ్యమని?"

"ఎవరూ చెప్పలేదన్నా. మీటర్ చెప్పింది."

"నాలుగేండ్లు పెంచిన నేను. నువ్వు రెండు వారాలు మరిచిపోయి వచ్చి, నాకు నేర్పుతున్నవా?"

ఆయన మాటలో కోపం కంటే ఎక్కువ భయం ఉంది. నాకు జాలి కలగలేదు. సాయంత్రానికి మీటర్లన్నీ అలమారాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి సీసాల వెనక పెట్టాడు. నేను చూశానని ఆయనకు తెలియదు.

నమోదు 25

కాలేజీ వినకపోతే లెవెల్ వింటుందనుకున్నాను. పోశం మామ ఇంటికెళ్లాను. వాళ్లమ్మ ఫోటో ముందు చిన్న ప్రమిద ఉంది, ఆరిపోయి ఉంది. "ఎంత ముట్టిచ్చినా నిలుస్తలేదు, గీ నూనె కల్తీదే" అంటోంది వాళ్లావిడ.

గోడ సంగతి చెప్పాను. ఫ్యాన్ పూర్తి వేగానికి పెట్టించమన్నాను, నాచు గీకించమన్నాను. మామ నవ్వాడు.

"ఈ నాచు కోసం నేను ఎన్నిసార్లు తిరిగిన్నో తెల్సా బిడ్డా? చెప్పులరిగినయ్. ఇప్పుడు గీకమంటవా?"

"కొసనున్న ఇళ్లకు ముందు ప్రమాదం మామా. మీ అమ్మ..."

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు.

"మీ అమ్మ నిద్రలో ఊరికే పోలేదనుకుంటున్నాను."

ఆయన మొహం మారిపోయింది. లేచి నిలబడ్డాడు. "అంటే నేను జంపిన్ననా మా అవ్వను?"

"అలా అనలేదు."

"అన్నవ్. నడువ్ బయటికి. సదువుకున్నవని ఇంట్లకు రానిస్తే శవం మీద కూడ పరీక్షలు జేస్తవా?"

లెవెల్ అంతా వినపడేలా అన్నాడు. ఇంటికొచ్చేసరికి అక్కకు కూడా తెలిసింది. "మన బతుకేందో మనం బతకాలె, ఎందుకే నీకు?" అని అటు తిరిగి పడుకుంది. అమ్మ వంటశాల నుంచి వచ్చి నాకు అన్నం పెట్టలేదు.

నమోదు 27

భౌతిక రసాయనం పరీక్ష ఈ రోజు. బయల్దేరబోతూ అక్క గదిలోకి తొంగి చూశాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పాప.

"తల పలుగుతుందే. పొద్దటి సంది పాలు తాగుతలేదు ఇది. లేపితే లేస్తలేదు."

పాపను ఎత్తుకున్నాను. మెడ వాలిపోతోంది. పొట్ట వేగంగా ఎగిసిపడుతోంది. అరికాలు గిల్లాను. ఏడవలేదు.

పాపను భుజాన వేసుకుని ముఖద్వారం వైపు పరిగెత్తాను. అక్క వెనక తూలుతూ వచ్చింది. అక్కను ఫ్యాన్ ఎదురుగా కూర్చోబెట్టి పాపకు గాలి తగిలేలా పట్టుకున్నాం. కాసేపటికి పాప దగ్గింది. మొహం చిట్లించింది. "ఇక్కడ్నుంచి కదలొద్దు" అని చెప్పి కాలేజీకి వెళ్లాను. పరీక్ష గది దాటుకుని ల్యాబ్‌కి వెళ్లాను. అప్పటికే ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. మేడం నన్ను చూశారు.

అలమారా తెరుస్తుంటే మధుకరన్న వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పరీక్ష లేదా నీకు?"

"ఉంది. చెయ్యి వదులన్నా."

"దొంగతనమైతది ఇది."

"అయితది. మా అక్క బిడ్డ లేవలేదు పొద్దున. నువ్వే వచ్చి కొలువు, నేను ముట్టుకోను."

ఆయన రాలేదు. చెయ్యి మాత్రం వదిలాడు.

మీటర్ పట్టుకుని లెవెల్‌లోకి నడిచాను. సగం దూరంలో మీటర్ మీద పసుపు దీపం వెలిగింది. కొసకు చేరేసరికి ఎర్రది. అక్కడ పోశం మామ, ఇంకో నలుగురు అడ్డం నిలబడ్డారు. గోడ మీద చెయ్యి వేస్తే ఊరుకోమన్నారు. మీటర్ చూపించాను.

"కాలేజీ మిషిని అది. నువ్వు ఏం జూపిమ్మంటే అది జూపిస్తది."

నాకు ఇక వాదించే ఓపిక లేదు. తల తిరుగుతోంది. మామ ఇంట్లోకెళ్లి వాళ్లమ్మ ఫోటో ముందున్న ప్రమిద తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మిషన్ వద్దు మామా. ముఖద్వారం దగ్గరికి పోయి దీన్ని ముట్టించు. ఇదే నూనె, ఇదే వత్తి. అక్కడ్నుంచి చేత్తో పట్టుకుని నీ ఇంటిదాకా నడువు. ఆరకపోతే నన్ను బాయి నుంచి వెళ్లగొట్టు."

ఆయన నన్ను కొట్టేలాగే చూశాడు. కానీ వెళ్లాడు. నలుగురూ వెంట వెళ్లారు. ముఖద్వారం దగ్గర ప్రమిద నిలకడగా వెలిగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి చూశారు. సగం దారిలో మంట చిన్నదైంది. ఆయన నడక తగ్గించాడు. గాలి కొట్టిందేమోనని ఇంకో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. మా ఇల్లు దాటాక మంట నీలంగా, వత్తికి అంటుకుని ఉంది. ఆయన ఇంటి గడపకు ఇంకా కొంచెం దూరం ఉండగానే ఆరిపోయింది.

మళ్లీ ముట్టించడానికి ప్రయత్నించాడు. అగ్గిపుల్ల గీస్తే అదీ నిలవలేదు.

తర్వాత ప్రమిద కింద పెట్టి, పక్కింటి తలుపు కొట్టాడు. "లేవండి. ఉన్నోళ్లు ఉన్నట్టు బయటికి రాండి. సామాన్లు వద్దు." తలుపు తలుపు కొట్టుకుంటూ పోయాడు. లేవలేని ముసలివాళ్లను ఆయనే మోశాడు. నన్ను దాటుతున్నప్పుడు మాత్రం ఆగి, "నా కంటికి కనవడకు" అన్నాడు.

నమోదు 28

నాలుగో లెవెల్ వాళ్లంతా కాలేజీలో ఉన్నారు. పరీక్ష గదుల్లో, వరండాల్లో, మెట్ల మీద. అమ్మ, అక్క, పాప భౌతిక రసాయనం క్లాసులో బల్లల మధ్య పడుకున్నారు. పాప బాగానే ఉంది. మిగిలిన పరీక్షలు రద్దు చేశారు, సెమిస్టర్ లెక్కలోకి రాదన్నారు. నోటీసు కింద ఎవరో నా పేరు రాశారు. ఇంకెవరో దాని పక్కన ఒక తిట్టు రాశారు.

పొద్దున కుళాయి దగ్గర నాతోపాటు చదివే అమ్మాయి నా బిందె పక్కకు తన్నింది. "ఈ సెమిస్టరంతా మళ్లీ చదవాలి మేము. సంతోషమా?" అంది. నేను బిందె తెచ్చుకుని వరసలో చివరికి వెళ్లాను.

నమోదు 31

విచారణ జరిగింది. విద్యాసాగర్ సార్ సభలో మాట్లాడుతూ, మెరుపు నాచులోని లోపాన్ని తమ విభాగం సకాలంలో గుర్తించిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి అంశం నేను. అనుమతి లేకుండా మీటర్ తీసినందుకు ఏడాదిపాటు ల్యాబ్ సీటు రద్దు. మిగతావాళ్లకు పరీక్షలు రద్దయినా, నాకు మాత్రం రాయని పరీక్ష తప్పినట్టే లెక్క. పైగా నాచు సంగతి నాకు తెలుసు కాబట్టి, గోడలు గీకే జట్టును చూసుకునే పని నాకే అప్పగించారు. ఏకకాలంలో శిక్షా, నమ్మకమూ. ఎవరికీ వింతగా అనిపించలేదు.

బయటికి వస్తుంటే సార్ నా పక్కన నడిచారు. "విభాగం పేరు నిలబడాలి కదా" అన్నారు. నేను నడక ఆపలేదు. ఆయనే ఆగిపోయారు.

మధుకరన్న థీసిస్ వెనక్కి తీసుకున్నాడు. ఈ రోజు మాస్కు పెట్టుకుని గోడ దగ్గరికొచ్చాడు. పలుగుతో ఒక ముక్క లేపాడు. చేతి మందాన నల్ల కుళ్లు.

"నాకు నువ్వంటే పడదు" అన్నాడు.

"నాకూ మీరంటే పడదన్నా."

"కొలువు. మందం ఎంతుందో చెప్పు, రాసుకుంట."

కొలిచాను. ఆయన రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు తన చేతులు కడుక్కున్నాడు. నేను పట్టుకున్న స్కేలు మాత్రం తుడవలేదు, అలాగే నాకిచ్చాడు.

నమోదు 34

మెస్సు వరసలో నా వెనక పోశం మామ నిలబడ్డాడని, కూర వడ్డించుకుని తిరిగాక తెలిసింది. తప్పుకోబోయాను.

"ఆగు." ఆయన కంచం వైపే చూస్తున్నాడు. "మా అవ్వకు తెల్సిందా? పోతున్నట్టు?"

"తెలిసి ఉండదు మామా. నిద్రలోనే..."

"అబద్దమాడకు. ఆరోజు అందరి ముంగట ఆడలే. ఇప్పుడెందుకు ఆడుతున్నవ్?"

వెనక జనం ముందుకు జరగమంటున్నారు. ఆయన జరగలేదు. నేను చెప్పాను. ముందు చాలా రోజులు తలనొప్పి ఉండి ఉంటుందని, మెట్లెక్కినట్టు ఆయాసం వచ్చి ఉంటుందని, కడుపులో తిప్పి ఉంటుందని. చివర్లో మాత్రం మత్తుగా ఉంటుందని, అప్పుడు తెలియదని. ఆమె తలనొప్పి అని ఎవరితోనైనా అన్నదేమో నాకు తెలియదని.

"నాతోని అన్నది" అన్నాడు. "ఎండకు పోయినవా ఏందని నవ్విన."

క్షమించమనడానికి అది నా తప్పు కాదు. ఆయన తప్పు కాదనడానికి ఆయన నన్ను అడగలేదు.

"రేపు గీకేటోళ్లల్ల నా పేరు రాయి."

"మాస్కులు చాలవు మామా. ముందు కుర్రవాళ్లను పంపుతున్నాం."

"నా ఇల్లు ఎవడో గీకుడేంది? రాయి."

కూర పెట్టించుకుని, నేను కూర్చునే బల్ల దాటి, హాలు అవతలి చివర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను కంచం పక్కన పెట్టి, రేపటి జట్టులో మొదటి పేరు ఆయనదే రాశాను.